బాస్ గిటారు వెనక మూత

ముందు మెడ చూడాలి. పాత బాస్ గిటారు కొనేవాడు ఎవడైనా ముందు మెడే చూడాలి, ఒళ్ళు తర్వాత, మోత ఆఖర్న. దాన్ని ఎత్తి, అడుగు భాగం భుజానికి ఆనించుకొని, ఒక కన్ను మూసి రెండో కంటితో ఆ పొడుగాటి కొయ్య వెంబడి చూశాను, మా నాయన సంతలో కాడిమాను కొనేటప్పుడు చూసినట్టే. వంకర లేదు. జపాన్‌లో పుట్టి, కోలారు బంగారు గనుల్లో ఎవరో ఆంగ్లో ఇండియన్ దొర చేతిలో క్లబ్బు డాన్సులకు మోగి, ఆయన ఊరు విడిచిపోతూ అమ్మేస్తే కుప్పం చేరి, పదకొండేళ్ళు నా మెడలో వేలాడి, నా తర్వాత కొన్నాళ్ళు ఇంకొకరి చేతిలో మోగి, ఆపైన ఇరవై ఏళ్ళు ఈ ఇంటి అటక మీద పడుకొని కూడా ఇంకా నిటారుగానే ఉంది. నాకే నడుము వంగింది. ఎదురుగా సోఫాలో కూర్చున్న సుబ్రమణ్యం అన్న గిటారును చూడటం లేదు, నా చేతుల్ని చూస్తున్నాడు. కుప్పంలో ఆర్కెస్ట్రా నడిపినన్నాళ్ళూ ఆయన ఈ చేతుల్నే చూశాడు. వీటి గురించి ఆయన చెప్పిన మాటనే నేను ఇంతకాలం మోశాను.

"సూసుకో అప్పా, బాగా సూసుకో. వింటేజి అది. బెంగళూరోడు ఒకడు ఫోను మీద ఫోను సేస్తా ఉండాడు" అన్నాడు. అప్పా అంటున్నాడు. అప్పట్లో రేయ్ భీమా అనేవాడు, మైకులో మాత్రం మా భీమరావు అనేవాడు. ఆర్టీసీ ఉద్యోగం వచ్చాక ఒకసారి మదనపల్లె బస్టాండులో కనబడి ఏమప్పా భీమరావూ అన్నప్పుడు, ఆ అప్పా అన్నది ఎవరినా అని నేను వెనక్కి తిరిగి చూసుకున్నాను. సిగ్గుపడాల్సిన సంగతే. ఆ రోజు ఇంటికి పోయి మా ఉషతో సంతోషంగా చెప్పుకున్నాను కూడా. ఆమె చపాతీ పిండి పిసుకుతూ, "మర్యాద ఇచ్చింది నీకా, నీ కాకీ చొక్కాకా?" అంది. ఉషకు మొదట్నుంచీ ఈ గిటారు గోల గిట్టదు. నిన్న డబ్బు బ్యాంకు నుంచి తెచ్చినప్పుడు కూడా వద్దనలేదు గానీ, "దాన్ని తెచ్చి ఏం సేస్తావు, మళ్ళీ తుప్పు పట్టిచ్చేదానికా?" అంది. నవ్వుతూనే అంది. నేను నవ్వలేదు. ఆ మాట తేల్చుకోవడానికే వచ్చాను నేను. నా చెమట నిజంగా ఇనుమును తింటుందా లేదా? దీన్ని కొని, ఇంట్లో పెట్టుకొని, రోజూ వాయించి, ఒక ఏడాది చూడాలి. యాభై మూడేళ్ళకు ఒక మనిషి తన చేతుల మీద పరీక్ష పెట్టుకోవడం ఎవరికి చెప్పినా నవ్వుతారు.

మెడ మీది లోహపు గీతల్ని గోటితో తడుముతూ కిందికి వస్తున్నాను. మొదటి అయిదూ బాగా అరిగాయి, అది నా అరుగుదలే, జాతర పాటలన్నీ ఆ అయిదు గీతల మధ్యనే తిరిగేవి. జనం పాడేవాణ్ణి చూస్తారు, కీబోర్డువాణ్ణి చూస్తారు, డ్రమ్ములు కొట్టే హనుమంతును చూస్తారు. బాస్ వాయించేవాడు దీపం స్తంభం పక్కన నిలబడి ఉంటాడు, వాణ్ణి ఎవరూ చూడరు, వాడు ఆపితే మాత్రం పాటకు కాళ్ళు విరిగినట్టుంటుంది. నాకు ఆ చోటు నచ్చింది. మాది పుంగనూరు పక్కన పల్లె, ఎస్సీ కాలనీ, మా నాయన జీవితమంతా వేరేవాళ్ళ మడుల్లో వంగినవాడు, కనబడకుండా పని జరిపించడం మాకు తెలిసిన విద్యే. ఇంటర్ చదువుతున్నప్పుడు చర్చిలో గిటారు నేర్పిన పాస్టరు, నీ ఎడమ చేతి వేళ్ళు పొడుగు, బాస్ పట్టుకో అన్నాడు. పట్టుకున్నాను. నా వేళ్ళ గురించి మంచి మాట చెప్పిన మొదటి మనిషి ఆయనే. ఆఖరి మనిషి కూడా ఆయనే.

నాలుగు తీగలూ కొత్తవి, అమ్మడానికని వేయించాడు. తీగలు బిగించే చెవులు నాలుగూ తిరుగుతున్నాయి. వాటి మీద తుప్పు లేదు. అదే నన్ను గుచ్చుతోంది. నేను వాయించినన్నాళ్ళు మూడు నెలలకొకసారి దీని లోపల ఏదో ఒకటి చచ్చేది. వైరు గుచ్చే రంధ్రం దగ్గర బరబరలు, నాబు తిప్పితే గరగర, ఒక్కోసారి పాట మధ్యలో గొంతు నొక్కినట్టు మౌనం. వి.కోటలో ఒక రేడియో మెకానిక్కు ఉండేవాడు, సుబ్రమణ్యం అన్న దాన్ని తానే తీసుకుపోయి తానే తెచ్చేవాడు, ఎవరినీ స్క్రూడ్రైవరు పెట్టనిచ్చేవాడు కాదు. తెచ్చిన ప్రతిసారీ ఒకటే మాట. "నీ చెమటలో ఉప్పు ఎక్కువరా భీమా. మెకానిక్కే చెప్పినాడు. నీ చెయ్యి తగిల్తే ఇనుము కూడా ఏడుస్తాది." పలమనేరు స్టేజి మీద ఒకసారి ఈ మాటనే మైకులో అన్నాడు, జనం నవ్వారు, హనుమంతు కూడా ఝణ్ణని తాళం కొట్టాడు, నేనూ నవ్వాను. ఆ తర్వాత ప్రోగ్రాముకు ముందు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోవడం మొదలుపెట్టాను. పౌడరు పూసుకున్నాను. ప్రతి పాటకూ మధ్య తుండుతో తీగలు తుడిచాను. ఉప్పు తక్కువ తిన్నాను, మా అమ్మ యాల నాయనా సప్పిడి కూడు అని ఏడ్చింది. మదనపల్లెలో డాక్టరు దగ్గరికి పోయి, సార్ నా చెమటకు ఏదైనా మందు ఉందా అని అడిగితే, ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి విటమిన్ మాత్రలు రాశాడు. అయినా తుప్పు ఆగలేదు. గంగమ్మ జాతరలో మూడో పాటకే గిటారు చచ్చిపోయిన రోజు సుబ్రమణ్యం అన్న కోపం కూడా చేయలేదు, చాలా నిదానంగా, "ఇంక సాల్లేరా, నీ తప్పు గాదు, నీ ఒంటి తత్వం అట్లాంటిది" అన్నాడు. మరుసటి వారం నుంచి ఆయన బావమరిది వాయించాడు. ఏడాది పొడుగునా ఒక్క బరబర రాలేదని హనుమంతే వచ్చి చెప్పాడు. చెప్పి, నా భుజం తట్టి, మా ఇంట్లో అన్నం తిని పోయాడు. అంతకంటే రుజువు ఇంకేం కావాలి? మేఘన పుట్టినప్పుడు నర్సు బిడ్డను అందిస్తుంటే నేను ముందు చేతులు చొక్కాకు తుడుచుకున్నాను. ఇప్పుడు ఆ పిల్ల మదనపల్లె పక్కన అంగళ్ళులో ఇంజనీరింగు చదువుతోంది. కాలేజీ బ్యాండులో చేరతాను, గిటారు కొనివ్వు నాయనా అని పోయిన ఏడాది అడిగితే, మన చేతులకు అది పడదమ్మా అన్నాను. మన అన్నాను. నా జబ్బును పిల్లకు కూడా అంటగట్టాను.

"కాఫీ తాగప్పా, సల్లారిపోతాది." లోపలి నుంచి ఆయన కోడలు రెండు పేపరు కప్పులు తెచ్చి పెట్టింది. ఆయనకూ పేపరు కప్పే, నాకూ పేపరు కప్పే. కాలం తెలివి మీరింది, ఇప్పుడు ఎవరూ ఎవరినీ వేలెత్తి చూపడానికి లేదు. పదకొండేళ్ళలో నేను ఈ గదిలోకి ఒక్కసారి కూడా రాలేదు. నా చోటు అరుగు. ఆయుధ పూజ రోజు కీబోర్డు, డ్రమ్ములు, తబలాలు, ఈ గిటారు అన్నీ లోపల దేవుడి గది ముందు వరసగా పెట్టి, వాటికి గంధమూ కుంకుమా పెట్టి, హారతి ఇచ్చేవాళ్ళు. తక్కినవాళ్ళు లోపల నిలబడేవాళ్ళు. నేను అరుగు మీద నుంచే కిటికీలో నా గిటారును చూసి దండం పెట్టుకునేవాణ్ణి. ఆయన తల్లి వెంకటరత్నమ్మ ఆకులో పొంగలి పెట్టించి గడపకు అవతల నుంచి, "తిన్యావా బిడ్డా, ఇంకా పెట్టేదా?" అని అడిగేది. ఆమె నన్ను ఏ రోజూ ఒక్క మాట అనలేదు. ఆమె పోయినప్పుడు మదనపల్లె నుంచి దండ తీసుకొని వచ్చి వీధిలో నిలబడ్డాను, ఏడుపు కూడా వచ్చింది. ఆ పొంగలి బాగుండేది, అబద్ధం ఎందుకు.

నాబు తిప్పాను. ఆయన ఎక్కడినుంచో తెచ్చిన చిన్న ఆంప్లిఫయరు పెట్టెకు వైరు తగిలించి ఉంది, గరగరమంది. నా డిపో బుద్ధి మేలుకుంది. పద్దెనిమిదేళ్ళుగా బస్సుల వైర్లు చూసే కన్ను నాది, లైటు వెలగకపోతే మూత తీయకుండా మాట్లాడను. బ్యాగులోంచి నా స్క్రూడ్రైవరు తీశాను. "యాల అప్పా అదంతా? బాగుండాది గదా" అన్నాడు. కొనేటప్పుడు తీసి చూడాలన్నా, బెంగళూరువాడైనా తీయించే చూస్తాడు అన్నాను. ఇష్టం లేకుండానే తలాడించాడు. గిటారును బోర్లా ఒళ్ళో పెట్టుకున్నాను. వెనక నల్లటి చిన్న మూత, నాలుగు స్క్రూలు. పదకొండేళ్ళు నా పొట్టకు ఆనిన మూత ఇది. దీని అవతల ఏముందో నేను ఎప్పుడూ చూడలేదు. మొదటి స్క్రూ తేలిగ్గా వచ్చింది, రెండోది మొండికేసింది, మూడూ నాలుగూ వచ్చాయి. మూత లేపాను.

పసుపు. కొయ్య లోపల తొలిచిన గుంత అంతా పసుపు. చెరువు ఎండినాక అడుగున మిగిలే ఒండ్రులాగా, పొరల మీద పొరలు, నెర్రెలు విచ్చి, గట్టిపడి. రాగి వైర్ల మొదళ్ళ చుట్టూ పచ్చగా చిలుము. ఒక మూలన నల్లగా ఎండి అతుక్కుపోయిన ఆకు, గోటితో గీరి చూస్తే తులసి. ముందు ఆయుధ పూజ అనుకున్నాను. అనుకోవడానికే మనసు ఒప్పుకుంది, ఆ కుంకుమా ఆ గంధమూ పైనుంచి జారి ఉంటాయిలే అని. కానీ నా కన్ను ఒప్పుకోలేదు. ఏడాదికొకసారి పైన పెట్టే బొట్టు లోపల ఇన్ని పొరలు కట్టదు. నాబుల రంధ్రాల కింద ధారలు కారిన గీతలున్నాయి. ఇది ఎవరో వెల్లకిలా పడుకోబెట్టి పైనుంచి పోసిన నీళ్ళు, ఒకసారి కాదు, చాలాసార్లు. ఇంకొకటి కూడా కనబడింది, అది డిపోలో ఏ కుర్ర మెకానిక్కైనా చెప్పగలిగేదే: వైరు గుచ్చే జాక్ మాత్రం మెరుస్తోంది. నన్ను తీసేసిన వారం బావమరిది కోసం కొత్త జాక్ వేయించారని హనుమంతు అప్పట్లోనే చెప్పాడు, అదే ఇది. దాని మీద పసుపు చుక్క కూడా లేదు. కింద కొయ్య మీద ఉన్నదంతా నా కాలం నాటిది. నేను పోగానే నీళ్ళు ఆగిపోయాయి.

"అన్నా, దీంట్లో పసుపేంది?"

"పూజకు పెట్టింటారు లేప్పా."

"పూజకు బొట్టు పెడతారు. లోపలికి ఎవురు పోస్తారు? తులసాకు కూడా ఉండాది సూడు."

ఆయన కళ్ళద్దాలు పెట్టుకొని వంగాడు. చూశాడు. ఏదో మరిచిపోయిన వస్తువు దొరికినవాడిలా చిన్నగా నవ్వాడు. "ఓ, అదా. మాయమ్మ పని. నువ్వు వాయించినాక ఇంట్లోకి తేవల్లంటే కడగల్ల గదప్పా, లోపల దేవుడుండాడు. పసుపు నీళ్ళు, దాంట్లో రోంత పంచితం. ఆ కాలం అట్లాంటిది."

"ప్రతిసారీనా?"

"ప్రోగ్రాం అయినప్పుడల్లా. నీకు తెలుసనుకుంటిని."

"నాకెట్ల తెలుస్తాది?"

"అందురికీ తెలుసు గదా! మెకానిక్కుకు తెలుసు. హనుమంతుకు తెలీదా? పెరట్లో ఎండకు పెట్టి ఆరబెట్టేది వాడే గదా."

హనుమంతు. మొన్న సుబ్రమణ్యం అన్న పెట్టిన ప్రకటనను ఫోనులో నాకు పంపింది కూడా వాడే, నీ బాస్ అమ్ముతాండారు సూడురా అని, పక్కన గుండె బొమ్మ పెట్టి. మా పెళ్ళిలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా డ్రమ్ములు కొట్టినవాడు, నా ఇంట్లో అన్నం తిన్నవాడు, ఇంటికి పోయి కాళ్ళు కడుక్కున్నాడో లేదో నాకు తెలియదు, ఇప్పుడు అది కూడా ఆలోచించాల్సి వస్తోంది. ఇంక ఏది ఆలోచించకుండా ఉండాలి? పంచితం అంటే ఆవు మూత్రం. ఆవులు మా నాయన కూడా కాశాడు, ఆ మూత్రం పడినచోట గొలుసులు ఎలా తినేసిపోతాయో, గాటిపట్టున పాతిన ఇనుప గూటాలు ఏడాదికి ఎలా సన్నబడతాయో చిన్నప్పటి నుంచి చూసినవాణ్ణి. ఉప్పు ఆవుది, చెడ్డపేరు నాది. మా అమ్మ చేత సప్పిడి కూడు వండించుకున్నాను. డిపోలో నా స్పానరు పద్దెనిమిదేళ్ళుగా నా చేతిలోనే ఉంది, వేసవిలో చెమట ధారగా కారుతుంది దాని మీద, ఒక్క మచ్చ లేదు. దాన్ని రోజూ చూశాను. చూసి కూడా ఇది వేరే రకం ఉక్కులే అనుకున్నాను. నమ్మకం కుదిరిపోయిన మనిషికి ఎదురుగా ఉన్న ఇనుము కూడా సాక్ష్యం చెప్పలేదు. వాళ్ళు అబద్ధం చెప్పారు సరే, దానికి ఇరవై ఏళ్ళు నీళ్ళు పోసి పెంచింది ఎవరు?

"మరి సెమట అంటిరి గదన్నా."

"ఇంకేమనాలప్పా?" ఆయన గొంతులో నిజంగానే నొచ్చుకున్న ధ్వని. "నువ్వు ముట్టినావని మాయమ్మ నీళ్ళు పోస్తాంది అని నీ మొగం మింద సెప్పేదానికి నోరొస్తాదా? నువ్వు బాధపడతావనే గదా అట్ల సెప్పింది. ఆమె సెయ్యి ఆపేదానికి నా తరం కాకపాయె. నీయట్లా వాయించేవాణ్ణి వదులుకునేదానికి మనసు రాకపాయె. పదకొండేండ్లు రిపేరు ఖర్చు పెట్టుకున్న్యా నేను." మళ్ళీ, "సరేలే, పసుపే గదా, తుడిస్తే పోతాది. రెండు వేలు తగ్గించుకో" అన్నాడు.

రెండు వేలు. నవ్వు వచ్చింది. ఈయన మంచివాడు కాదని అనలేను, అదే కష్టం. నీయట్లా వాయించేవాణ్ణి అన్నాడు. ఆ మాట నేను వాయిస్తున్న రోజుల్లో ఒక్కసారి అని ఉంటే ఆ ఏడాదంతా తిండి లేకుండా బతికేవాణ్ణి. ఇప్పుడు చెబుతున్నాడు, పసుపు బయటపడినాక, రెండు వేల తగ్గింపుతో కలిపి. బోర్లా ఉన్న గిటారును ఇటు తిప్పుకుంటుంటే నా వేళ్ళు తమకు తామే తీగల మీదికి పోయాయి. అన్నిటికంటే లావు తీగను ఒకసారి మీటాను, పెట్టెలో నుంచి కాదు, కొయ్యలో నుంచే, నా తొడల్లోకి, కడుపులోకి, పళ్ళల్లోకి దిగింది ఆ మోత. ఎంత బాగుంది. ఎంత కావాలి నాకిది. మేఘన ముందు పెట్టి, ఇది మన చేతులకు పడుతుందమ్మా, మీ నాయన తప్పు చెప్పాడు అనాలని ఉంది. కానీ ఆ పిల్ల మూత తీసి చూస్తుంది, ఇంజనీరింగు పిల్ల, తీయకుండా ఉండదు, ఇదేంది నాయనా అని అడుగుతుంది. నేను నోటితో చెబితే ఏమవుతుంది? వాళ్ళ నోటి మాటే ఎప్పుడూ చెల్లింది, నాది చెల్లాలంటే కాగితం మీద ఉండాలి.

"తగ్గించొద్దన్నా. నువ్వు సెప్పిన అరవై అయిదు వేలూ ఇస్తా. రసీదు రాసియ్యి."

ఆయన ముఖం విప్పారింది. ఫలానా బాస్ గిటారు, జపాన్ తయారీ, ఫలానా తేదీన మదనపల్లె వాస్తవ్యుడు భీమరావుకు అమ్మడమైనది అని కోడలి నోటుపుస్తకంలో గుండ్రటి అక్షరాలతో రాశాడు. చేతిరాత బాగుంటుంది ఆయనది, మా ప్రోగ్రాముల్లో పాటల పట్టీ ఎప్పుడూ ఆయనే రాసేవాడు. "ఇంకొక లైను రాయన్నా. లోపల తుప్పు ఉండాది, అది వాయించినవాడి చెమట వల్ల కాదు, పసుపు నీళ్ళు పంచితం పోసినందువల్ల అని."

పెన్ను ఆగింది. "అదెందుకప్పా రసీదులో?"

"పాత సామాను కొంటే లోపం ఏందో, ఎందుకొచ్చిందో రాయించుకుంటారు గదా."

"పొయినామె మీద రాస్తే బాగుంటాదా?"

"ఆమె పేరొద్దు. పని రాయి సాలు."

ఆయన పెన్ను మూత పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. వంటింటి తలుపు దగ్గర కోడలు చేతిలో పళ్ళెం అట్లాగే పట్టుకొని నిలబడిపోయింది. ఆ కాగితం రేపు ఎవరి చేతికి పోతుందో, ఎవరు ఫోనులో ఫొటో తీసి ఊరంతా పంపుతారో అని ఆయన లెక్కలు ఆయన వేసుకుంటున్నాడు, నుదుటి మీద తేమ తేలింది. చివరికి నోటుపుస్తకంలోంచి ఆ కాగితాన్ని చించి, నాలుగు మడతలు పెట్టి, తన జేబులో పెట్టుకున్నాడు. "రసీదు లేదు ఏం లేదు. నువ్వు తీసుకుపోప్పా. ఊరికే తీసుకుపో. ఒక్క రూపాయి ఇయ్యొద్దు. పదకొండేండ్లు వాయించినోడివి, నీకు గాక ఎవురికిస్తా?"

అరవై అయిదు వేల వస్తువు. బెంగళూరువాడు ఫోను మీద ఫోను చేస్తున్న వస్తువు. ఒక్క లైను రాయకుండా ఉండటానికి ఊరికే ఇచ్చేస్తున్నాడు. ఒక క్షణం నా చేతులు దాని మెడ చుట్టూ బిగిసిన మాట నిజం. ఎత్తుకొని లేచి పోతే ఎవరూ ఆపరు, పుంగనూరు దాటేలోపు ఒళ్ళో పెట్టుకొని నాలుగు పాటలైనా మీటుకుంటాను. ఊరికే ఇస్తే పుచ్చుకోవడం కూడా మాకు తెలిసిన విద్యే, ఆ ఆకులో పొంగలి అట్లాగే పుచ్చుకున్నాను. లేచాను. గిటారును సోఫా పక్కన బల్ల మీద బోర్లా పెట్టాను, పసుపు పైకి కనబడేట్టు.

"ఏమప్పా, పోతాండావా? కోపమొచ్చిందా? రేయ్ భీమా!" అన్నాడు. ఆ పాత పిలుపు తన నోట్లో నుంచి వచ్చినందుకు తానే తత్తరపడి, "అప్పా, ఆ మూతన్నా బిగించిపో, సాయంత్రం బెంగళూరోనికి ఫొటోలు పంపల్ల" అన్నాడు.

"ఆయప్పనూ సూడనీ అన్నా" అన్నాను గడప దాటుతూ.

నాలుగు స్క్రూలూ నా చొక్కా జేబులో ఉన్నాయి. యాభై ఏళ్ళ నాటి జపాన్ స్క్రూలు, ఆ కొలతవి కుప్పంలోనే కాదు, బెంగళూరులో కూడా దొరకవు.